ఒకే రికార్డును చూచుకొన్న కళాకారుడు

జాజ్ సంగీతాన్ని అభిమానించేవారిలో కూడా టీనా బ్రూక్స్ పేరు విననివారు పెక్కుమంది ఉన్నారు. ఆ టెనర్ శాక్సొఫోన్ వాద్యకారుని మన శ్రోతలకు పరిచయం చేయడం మా ఉద్దేశము.

హెరాల్డ్ ఫ్లాయిడ్ బ్రూక్స్ 1932లో అమెరికాలోని ఉత్తర కరొలినా రాష్ట్రంలో, ఫయెట్‌విల్ పట్టణంలో జన్మించాడు. పసితనంలో చిన్నగా ఉండడం వలన వచ్చిన ముద్దుపేరే ‘టీనా’గా స్థిరపడింది. 1944లో న్యూయార్కు చేరి, క్రమంగా అక్కడి వాద్యబృందాలలో ప్రవేశించాడు.

శాక్సొఫోన్ ఇత్తడితో చేసినదే అయినా, క్లారినెట్టు వలె ఒంటి రెల్లురేకు కంపించడం చేతనే పలుకుతుంది. జాజ్‌లో సాధారణంగా మొదట బృందమంతా వరుసను వినిపిస్తుంది. పిమ్మట ఒక్కొక్కరు దానిని ఆధారం చేసుకొని అప్పటికప్పుడు స్వరకల్పన చేస్తారు. మన కచేరీలలో కల్పనస్వరాలు విన్నవారికి ఇందులోని ఆనందం తెలియనిది కాదు. బ్రూక్స్ కల్పనలో ఆర్భాటం లేదు. ఒక పలుకులో నుండి మరొక పలుకు సహజంగా పుట్టుకొని వస్తుంది. వేగంలో కూడా ఒక సన్నని విషాదం వినబడుతుంది.

1960 జూన్ 19న ట్రంపెట్ వాద్యకారుడు ఫ్రెడ్డీ హబ్బర్డ్ తొలి ఆల్బంలో బ్రూక్స్ పాల్గొన్నాడు. దానికి పేరు తెచ్చిన ‘ఓపెన్ సెసమీ’ అతని రచనయే. ఆరు రోజులకే హబ్బర్డ్ తోడుగా ‘ట్రూ బ్లూ’ రికార్డు చేశాడు. అందలి ఆరు అంశాలలో అయిదు అతని సొంత రచనలు.

1958 నుండి 1961 వరకు బ్లూ నోట్ సంస్థ అతని నాయకత్వాన నాలుగు ఆల్బములకు సరిపడు సంగీతాన్ని టేపులకు ఎక్కించింది. వాటిలో అతడు జీవించి ఉండగా వెలువడినది ‘ట్రూ బ్లూ’ ఒక్కటే. ‘బ్యాక్ టు ది ట్రాక్స్’కు సంఖ్యను కేటాయించి, అట్టబొమ్మ సిద్ధపరచి కూడా విడుదల చేయలేదు. 1961 తరువాత అతడు రికార్డు చేయనే లేదు. మాదకద్రవ్య వ్యసనం అతని ఆరోగ్యాన్ని హరించింది. 1974 ఆగస్టు 13న, నలుబది రెండవ ఏట, న్యూయార్కులో కన్నుమూశాడు.

1985లో మొజాయిక్ సంస్థ ఆ నాలుగింటిని ఒకే సంపుటిగా వెలువరించింది. అప్పటికి కళాకారుడు పోయి పదకొండేళ్లు.

టేపుల నడుమ పనిచేసే మాకు ఈ కథ ఒక హెచ్చరిక వంటిది. భద్రపరచినంత మాత్రాన సంగీతం బ్రతకదు. ఎవరో ఒకరు వినిపించాలి, వేరొకరు వినాలి. అవకాశం చిక్కినప్పుడు ‘ట్రూ బ్లూ’లోని ‘థీమ్ ఫర్ డోరిస్’ను ఒకసారి తీరికగా వినవలసినదిగా శ్రోతలను కోరుతున్నాము.