సూరత్‌లో సెకండ్‌హ్యాండ్ జీటీ కారు: మీకు తెలుసా?

ప్రపంచంలో సానబట్టే వజ్రాల్లో పదింట తొమ్మిది సూరత్ చేతుల మీదుగానే పోతాయంటారు. 2014 దీపావళికి సావ్‌జీ ఢోలకియా వజ్రాల సంస్థ తన ఉద్యోగులకు ఏకంగా 491 కార్లు కానుకగా ఇచ్చి దేశాన్ని ఆశ్చర్యపరిచింది. 2018లో అదే సంస్థలో పాతికేళ్లుగా పనిచేస్తున్న ముగ్గురికి తలా ఒక మెర్సిడెస్ బెంజ్ దక్కింది, ఒక్కొక్కటీ కోటి రూపాయల దరిదాపు. కారంటే ఇంత మక్కువున్న ఊళ్లో ఖరీదైన పాత బండి కొనాలనే కోరిక పుట్టడం సహజమే.

◆ జీటీ అంటే 'గ్రాన్ టూరిస్మో'. ఇటాలియన్ మాట, దూరప్రయాణమని అర్థం. ఇద్దరు మనుషులు, వాళ్ల పెట్టెలు, ఒక్క రోజులో వందల కిలోమీటర్లు, దిగాక ఒళ్లునొప్పులు లేకపోవడం: దీని లక్ష్యం ఇదీ. రేసు కారులో వేగం ఉంటుంది గానీ ఈ సుఖం ఉండదు.

◆ 1914లో బొలోన్యా నగరంలో పుట్టిన మసెరాటీ కంపెనీ గుర్తు త్రిశూలం. ఆ ఊరి కూడలిలో ఉన్న నెప్ట్యూన్ విగ్రహం చేతిలోంచి తీసుకున్నారు. ఆ కంపెనీ 2007లో తెచ్చిన కారు పేరే 'గ్రాన్‌టూరిస్మో'. దాని ఇంజిన్ తయారయింది ఫెరారీ ఫ్యాక్టరీలో.

◆ బెంట్లీ కాంటినెంటల్ జీటీ 2003లో వచ్చింది. పన్నెండు సిలిండర్లు, 552 హార్స్‌పవర్, గంటకు 318 కిలోమీటర్ల గరిష్ఠ వేగం. ఆ పన్నెండు సిలిండర్ల ఇంజిన్ తయారీని 2024లో ఆపేశారు. మన దేశంలో ఎక్స్‌ప్రెస్‌వే మీద కారుకు అనుమతించిన అత్యధిక వేగం 120. కాబట్టి 318ని చూసి డబ్బు పెట్టకండి. సీటు, సస్పెన్షన్, నిశ్శబ్దం చూసి పెట్టండి.

◆ కొత్తది మూడు కోట్లు పైబడే ఈ బెంట్లీ పదేళ్లు దాటితే అందులో చిన్న భాగానికే దొరుకుతుంది. కొనేవాళ్లు తరచూ బోల్తాపడేది ఇక్కడే. కారు ధర పడిపోయింది కదా అని దాని విడిభాగాల ధర పడిపోదు. ఎయిర్ సస్పెన్షన్, బ్రేకులు, గేర్‌బాక్స్ అన్నీ మూడు కోట్ల కారు లెక్కలోనే ఉంటాయి. కొన్ని రిపేర్లకు ఇంజిన్ మొత్తాన్ని కిందికి దించాలి. కారు కొన్నాక దాని ధరలో కనీసం నాలుగోవంతు సొమ్ము చేతిలో మిగలకపోతే ఆ బేరం వద్దన్నది నా గట్టి అభిప్రాయం.

◆ వజ్రాల బజారులో 'జాంగడ్' అని ఒక పద్ధతి ఉంది. చీటీ రాసిచ్చి రాయిని తీసుకెళ్తారు, తీరిగ్గా చూసుకుంటారు, నచ్చితే కొంటారు, లేకుంటే తిరిగిచ్చేస్తారు. రాయిని పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం పెట్టకుండా ఎవరూ రేటు మాట్లాడరు. అలాంటి భూతద్దం కారుకూ ఉంది. పెయింట్ మందాన్ని కొలిచే ఆ చిన్న పరికరం పెద్ద ఖరీదేం కాదు. ఫ్యాక్టరీ పెయింట్ సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. ఒక తలుపు దగ్గర అంకె ఒక్కసారిగా 400కో 800కో ఎగబాకిందంటే దాని కింద పుట్టీ ఉందన్నమాట. ఎందుకు పెట్టారో అమ్మేవాళ్లు చెప్పి తీరాలి. కొన్ని జీటీల ఒంట్లో అల్యూమినియం భాగాలుంటాయి. ఇనుముకే పనిచేసే పరికరం వాటి మీద అక్కరకు రాదు, రెంటికీ పనికొచ్చేదే తీసుకెళ్లండి.

◆ ఛాసిస్ నంబరులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి మూడూ తయారీదారుని చెబుతాయి: ఎస్‌సీబీ ఉంటే బెంట్లీ, జెడ్‌ఏఎం ఉంటే మసెరాటీ, ఎస్‌సీఎఫ్ ఉంటే ఆస్టన్ మార్టిన్. అంకెలతో పొరబడకుండా ఐ, ఓ, క్యూ అనే అక్షరాలను వాడరు. అవి కనిపిస్తే వెనక్కి తిరగండి.

◆ టైరు మీద చివరి నాలుగంకెలు దాని పుట్టినరోజు. 2319 అంటే 2019లో 23వ వారం. మీటరు పదివేల కిలోమీటర్లే చూపిస్తోంది, టైర్లు మాత్రం రెండుసార్లు మారాయంటే మీటరును నమ్మొద్దు.

◆ వరద కారును గుర్తుపట్టడం ఈ ఊరివాళ్లకు నేర్పక్కర్లేదు. 2006 ఆగస్టులో ఉకాయి డ్యామ్ నీళ్లతో తాపీ నది పొంగి సూరత్‌ను ముంచేసింది. తర్వాత 2015లో చెన్నై, 2020లో హైదరాబాద్, 2024లో వడోదర, విజయవాడ మునిగాయి. అలా మునిగిన బండి కడిగి తుడుచుకుని ఇంకో ఊళ్లో అమ్మకానికి నిలబడగలదు. సీటు బెల్టును చివరిదాకా లాగి బురద మరకలున్నాయేమో చూడండి. స్టెప్నీ గుంతలో ఒండ్రు, దీపాల లోపల ఆవిరి, కార్పెట్ కింద ముక్కవాసన వెతకండి. జీటీ కార్లలో కంప్యూటర్ పెట్టెలు కొన్ని సీట్ల కిందే ఉంటాయి. నీళ్లు తగిలినవి నెలల తర్వాత మొరాయిస్తాయి.

◆ సూరత్ లింబాయత్ ప్రాంతం మగ్గాల దగ్గర తెలుగు వినిపిస్తుంది. తెలంగాణ నుంచి తరతరాలుగా వెళ్లిన నేత కుటుంబాలవి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ బడులు కూడా నడిపింది. వాళ్లెవరైనా అక్కడ కొన్న కారును సొంతూరికి తెచ్చుకోవాలంటే ఈ లెక్క తెలియాలి. జీజే-05 నంబరు సూరత్‌ది. గుజరాత్‌లో కారు పన్ను తక్కువ, తెలంగాణలో కోటి రూపాయల కారుకు దాదాపు ఐదోవంతు. ఎన్‌వోసీ కోసం ఫారం 28, పేరు మార్పుకు 29, 30, అప్పు తీరినట్టు ఫారం 35. వేరే రాష్ట్రంలో ఏడాది దాటి తిప్పితే అక్కడి నంబరు తప్పనిసరి. 2021లో హైదరాబాద్‌లో రవాణా శాఖ ఇతర రాష్ట్రాల నంబర్లతో తిరిగే ఖరీదైన కార్లను పట్టుకుని సీజ్ చేసింది.

◆ విదేశం నుంచి వచ్చిన పాత కారైతే కస్టమ్స్ కాగితాలు అడగండి. 2025లో రెవెన్యూ ఇంటెలిజెన్స్ డైరెక్టరేట్ (డీఆర్‌ఐ) అహ్మదాబాద్ విభాగం ఒక హైదరాబాద్ కార్ల డీలరును అరెస్టు చేసింది. ఎడమ స్టీరింగ్ కార్లను కుడికి మార్పించి, అసలు విలువ తగ్గించి చూపి దిగుమతి చేశారన్నది ఆరోపణ.

◆ బీమా కాగితం మీ పేరుకు మారాలంటే 14 రోజుల్లోపు అడగాలి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ మాత్రం ఆయనతోనే వెళ్లిపోతుంది.

◆ కారు అమ్మేసినా ఆర్టీవో రికార్డులో పేరు మారకపోతే, ప్రమాదంలో పరిహారం బాధ్యత పాత యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు నవీన్‌కుమార్ కేసులో చెప్పింది. అమ్మినా కొన్నా, తాళం చేతులు మారిన రోజే ఫారాలు ఆర్టీవోలో ఇచ్చేయండి.