‘బాగానే ఉన్నా’నంటే ఎంత?

మూత్రపిండాలు రెండూ పని మానివేసిన మనిషి వారానికి మూడు మార్లు, మారుకు సుమారు నాలుగు గంటల చొప్పున, యంత్రం పక్కన పడుకోవాలి. అతని రక్తం గొట్టాల వెంట వెలుపలికి పోయి, శుభ్రపడి, తిరిగి ఒంటిలోకి వస్తుంది. ఆ నాలుగు గంటల పని ఎట్లా జరిగినదీ వైద్యులు చక్కగా లెక్క కట్టగలరు. యూరియా ముందు ఎంత, తరువాత ఎంత అని చూసి ఒక అంకె తేలుస్తారు. దానిని ‘కె.టి. బై వి.’ అంటారు. వారానికి మూడు మార్లు చేసే చోట ప్రతిమారూ అది కనీసం 1.2 ఉండాలని నియమం. కాని రక్తం శుభ్రపడడం వేరు, బ్రతుకు కుదుటపడడం వేరు. యంత్రం మీదనుంచి దిగిన మనిషి ఆ సాయంత్రం లేచి కూర్చున్నాడా, అన్నం సయించినదా, మనవడితో నాలుగు మాటలు చెప్పాడా అన్నది ఆ 1.2లో కనిపించదు. ఈ రెండవ సంగతిని కూడా కొలవాలని పాశ్చాత్య వైద్యులు కొన్ని దశాబ్దాలుగా పాటుపడుతున్నారు. దానికి జీవన నాణ్యత అని పేరు. నాణ్యత అనే మాట మనకు బంగారానికీ, బట్టకూ అలవాటు. బ్రతుకుకు వాడితే కొంచెం ఎబ్బెట్టుగానే ఉంటుంది. మరొక మాట కుదిరేవరకు దానితోనే సరిపెట్టుకుందాం.

ఈ యంత్రానికి ఆద్యుడు విలెం కోల్ఫ్. హాలెండులోని కాంపెన్ పట్టణంలో, జర్మనుల ఆక్రమణ సాగుతున్న 1943లో, కొయ్యపీపాకు సెల్లోఫేన్ గొట్టం చుట్టి దానిని నిర్మించాడు. 1945లో అరవై ఏడేళ్ల వృద్ధురాలు దానివల్ల స్మృతి తెలిసి బ్రతికింది. అప్పటికి అది కొద్ది రోజుల గండం గడిపించే సాధనం మాత్రమే. ఏళ్ల తరబడి వాడుకోవడానికి వీలైనది 1960లో. సియాటిల్ నగరంలో బెల్డింగ్ స్క్రిబ్నర్ రోగి చేతిలో ఉండిపోయే టెఫ్లాన్ గొట్టాన్ని అమర్చిన తరువాత ఆ మార్గం తెరుచుకున్నది. అతని మొదటి రోగి క్లైడ్ షీల్డ్స్ ఆ పిమ్మట పదేళ్లకు పైగా జీవించాడు.

యంత్రాలు కొద్ది, రోగులు పెక్కు. ఎవరికి ఇవ్వాలి? సియాటిల్‌లో ఏడుగురు పెద్దమనుషుల సంఘం ఒకటి కూర్చుని నిర్ణయించేది. పెళ్లి అయినదా, పిల్లలు ఎందరు, ఆస్తి ఎంత, చదువు ఎంత, చర్చికి వెళ్లే అలవాటు ఉన్నదా, ఇవన్నీ వారి విచారణలోకి వచ్చేవి. 1962లో షానా అలెగ్జాండర్ ‘లైఫ్’ పత్రికలో ఈ సంగతి వ్రాసినప్పుడు లోకం ఉలిక్కిపడింది. దాదాపు అందరు రోగులకూ ప్రభుత్వమే ఖర్చు భరించే చట్టం ఆ దేశంలో 1972లో వచ్చిన తరువాత అట్టి సంఘాల అవసరం తీరింది. డయాలిసిస్ రోగి బ్రతుకుకు మొదట పడిన తూకం ఇదే. రోగి ఎటువంటివాడని పరులను అడిగి తూచారు. తరువాత కొంతకాలం వైద్యుడు చూసి మార్కులు వేశాడు. కాన్సరు రోగుల కోసం 1940లలో కార్నోఫ్‌స్కీ ఏర్పరచిన సున్న నుంచి నూరు వరకు గల మెట్ల పద్ధతిని వీరికీ వర్తింపజేశారు. అక్కడా రోగి నోరు విప్పే పని లేదు.

రోగినే అడిగే ప్రశ్నావళి, డయాలిసిస్ వారికోసమే తయారైనది, 1994లో రాన్ హేస్, అతని సహచరులు వెలువరించారు. తొలి ప్రతిలో 134 ప్రశ్నలు. నీరసంతో పడుకున్నవాడు అన్నిటికి జవాబు చెప్పేసరికి నాలుగు గంటలూ అయిపోతాయని కాబోలు, తరువాత దానిని 36కు కుదించారు. పన్నెండు సాధారణ ఆరోగ్యాన్ని గురించి, నాలుగు రోగం తెచ్చిన భారాన్ని గురించి, పన్నెండు బాధలను గురించి, ఎనిమిది నిత్యజీవితంలోని చిక్కులను గురించి. జవాబులను నూటికి ఇన్ని అని లెక్క వేస్తారు. ఇది కాలక్షేపపు లెక్క కాదు. అనేక దేశాల రోగులను పరిశీలించి 2003లో ప్రకటించిన ఫలితాలలో, ఇట్టి ప్రశ్నలకు తక్కువ మార్కులు వచ్చినవారే ఎక్కువగా ఆసుపత్రి పాలయ్యారు, ఎక్కువగా మరణించారు. ఒంటికి తెలిసిన దానిని నోరు ముందే చెబుతున్నదన్నమాట.

ఇంకొక వింత. 2005లో వెలువడిన అమెరికా పరిశోధనలో 49 మంది డయాలిసిస్ రోగులకు, 49 మంది ఆరోగ్యవంతులకు చిన్న జేబు యంత్రాలు ఇచ్చి, వారం రోజులపాటు పగలల్లా మాటిమాటికీ ‘ఇప్పుడు మనసు ఎట్లా ఉన్నది?’ అని అడిగించారు. రెండు వర్గాలకూ తేడా స్వల్పం. ఆరోగ్యవంతులు మాత్రం, రోగుల మనసు ఎంతో కుంగి ఉంటుందని ఊహించారు. కాబట్టి మన జాలి మంచి సాక్షి కాదు. అట్లా అని ‘వారికి అలవాటైపోయిందిలే’ అంటూ అధికారులు చేతులు దులుపుకుంటే, అది పరిశోధనను అడ్డం పెట్టుకుని చేసే అన్యాయం. కష్టానికి అలవాటు పడడం రోగి చేసిన కృషి. దానిని ఆసుపత్రి ఖాతాలో జమ వేసుకోరాదు.

వైద్యం నాకు తెలియదు. నా వృత్తి తెలుగు చెప్పడం. అందువల్ల ఈ ప్రశ్నలు తెలుగులోకి వచ్చే దారిలో నిలబడి నాలుగు మాటలు చెప్పే హక్కు ఉన్నదనుకుంటాను. సాధారణ ఆరోగ్యపు ప్రశ్నలలో ఒకటి మధ్యరకం శ్రమను గురించినది. ఉదాహరణలు: బల్ల జరపడం, దుమ్ము పీల్చే యంత్రాన్ని తోయడం, గోల్ఫు ఆడడం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడిపిక్కలు కొట్టే ఇల్లాలిని గోల్ఫు ఆడగలవా అని అడగడం కంటే, బిందెడు నీళ్లు ఎత్తగలవా అని అడగడం ప్రశ్న ఆత్మకు దగ్గర. మరొకచోట దిగులును ఆంగ్లంలో ‘నీలం’ అని అంటారు. మాటకు మాట వేస్తే మనవాడు ఒంటి రంగు చూసుకుంటాడు. ఇవి తేలికగా పట్టుబడే తప్పులు. తెలుగు చేసినదాన్ని మరొకరి చేత తిరిగి ఆంగ్లం చేయించి పోల్చి చూడడం ఇందుకు ఉన్న జాగ్రత్త. కాని ‘మీ దైనందిన కార్యకలాపాలకు అవరోధం కలిగినదా?’ అన్న వాక్యం ఆ పరీక్షలో నూటికి నూరు తెచ్చుకుంటుంది. పడక మీది మనిషికి మాత్రం ఒక్క ముక్క బోధపడదు. పండితులు, అందులో నా బోటివారు, ఇక్కడ కొంచెం పక్కకు తప్పుకోవడమే మేలు.

జవాబుల సంగతి ఇంకా చిక్కు. మొట్టమొదటి ప్రశ్నకే ఐదు మెట్లు: అద్భుతం, చాలా బాగు, బాగు, పరవాలేదు, బాగులేదు. తన ఆరోగ్యం అద్భుతమని పైకి చెప్పుకునే తెలుగువాడు అరుదు. దిష్టి భయం ఒకటి, వినయం ఒకటి. మా కళాశాలలో పనిచేసి విరమించిన బంట్రోతు ఒకాయన మూడేళ్లుగా డయాలిసిస్‌లో ఉన్నాడు. కనిపించినప్పుడల్లా ‘ఏమయ్యా, ఎట్లా ఉన్నావు?’ అంటాను. ‘బాగానే ఉన్నానండి’ అంటాడు. ఆ ‘బాగానే’లోని ఏకారం అవధారణార్థకమని తరగతిలో చెబుతాం. ఆయన నోట అది ఎన్నెన్నో అర్థాలు పలుకుతుంది: ‘ఇంకా ఉన్నాను’ అని, ‘ఇంతకంటె అడగకండి’ అని, ఒక్కొక్కనాడు నిజంగానే బాగున్నానని. దానిని ఏ మెట్టు మీద నిలబెట్టాలి?

భారపు ప్రశ్నలలో ఒకటి, ఇంటివారికి భారమైనానని అనిపిస్తున్నదా అని. తల్లి పడక పక్కన స్టూలు మీద కొడుకు కూర్చుని ఉండగా నర్సు బిగ్గరగా చదివి అడిగితే, ఆ తల్లి ఏమంటుంది? ‘లేదమ్మా’ అంటుంది, ప్రశ్నావళిలో మార్కులు పెరుగుతాయి. దాంపత్యాన్ని గురించిన ప్రశ్న కూడా ఆ ముప్పయి ఆరులో ఉన్నది. పడకకూ పడకకూ మధ్య మూరెడు ఎడం లేని గదిలో దానికి నిజమైన జవాబు రాదు. ప్రశ్నలు ఎన్ని ఉన్నా, ఒంటరిగా, తొందర లేకుండా, రోగి మాట్లాడే యాసలో అడగడానికి ఒక మనిషి కావాలి.

ఉద్దానం పేరు ఎత్తాను. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ప్రాంతాలలో కొబ్బరి, జీడి తోటల నడుమ వేలమందిని పట్టి పీడిస్తున్న మూత్రపిండాల వ్యాధికి కచ్చితమైన కారణం ఇప్పటికీ తేలలేదు. ఒకప్పుడు డయాలిసిస్‌కు విశాఖపట్నం వరకు పోవలసి వచ్చేది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల పేదలకు ఖర్చు తప్పింది. 2019లో డయాలిసిస్ రోగుల పింఛను నెలకు 10,000 రూపాయలైనది. 2023 డిసెంబరులో పలాసలో పరిశోధనాకేంద్రంతో కూడిన 200 పడకల ఆసుపత్రి తెరిచారు. ఇవన్నీ లెక్కించదగిన మేళ్లే. అయితే డయాలిసిస్ రోగికి పొటాషియం ఎక్కువైతే గుండెకు ప్రమాదం. కొబ్బరినీళ్లలో అది అధికం. తాను నాటిన చెట్టు కింద కూర్చుని, వేసవిలో, బొండాం ముట్టరాదు. మామూలు నీళ్లు కూడా కొలుచుకుని తాగాలి. ఆవకాయ తింటే దాహం, దాహానికి తాగితే వాపు. ప్రశ్నావళిలో ఇది ‘తిండి, నీరు విషయమై ఆంక్షలు మిమ్మల్ని ఎంత బాధిస్తున్నవి?’ అనే రెండు పంక్తులు.

ఇన్ని ప్రశ్నలకూ వీలు లేని చోట ఒక్కటి అడిగినా మేలేనని నాకు తోస్తుంది. కెనడా వైద్యులు 2006లో దాని విలువను నిరూపించారు: డయాలిసిస్ అయిన తరువాత మళ్లీ తేరుకోవడానికి ఎంతసేపు పడుతుంది? దీనికి మెట్లు అక్కరలేదు, దిష్టి తగలదు, కొడుకు వింటున్నా పరవాలేదు. ‘ఇంటికి వెళ్లి కాఫీ తాగితే సరి’ అనేవారున్నారు. ‘మర్నాడు పొద్దుటికి గాని మనిషిని కాను’ అనేవారున్నారు. పన్నెండు గంటలు దాటేవారికి ప్రాణాపాయం కూడా ఎక్కువని 2014లో తేలింది. ఒంట్లో చేరిన రెండు మూడు లీటర్ల నీటిని నాలుగు గంటలలో త్వరత్వరగా లాగివేయడం ఈ అలసటకు ఒక కారణం. అయిదు గంటలు కూర్చోబెట్టి మెల్లగా తీస్తే ఒంటికి సుఖం. కాని ఆ గంట రోగి బ్రతుకులోనిదే, ఆఖరి బస్సు తప్పిపోయే గంట కావచ్చు. మర్నాటి పగలు కావాలా, ఈనాటి సాయంత్రం కావాలా అన్నది అతనే చెప్పాలి. అది అతన్ని అడిగి, కాగితం మీద వ్రాసుకోవాలి.