గడప దాటని లెక్క

మన గ్రామములో గేదెలెన్ని, మేకలెన్ని అని అడిగితే ప్రభుత్వము దగ్గర జవాబు ఉన్నది. 1919 నుండి మన దేశములో పశువుల లెక్కలు తీస్తూనే ఉన్నారు. 2019లో 20వ లెక్క వెలువడినది. గాని అదే గ్రామములో నిద్ర పట్టక, తిండి సహించక, ఎవరితోను మాటలాడక మూల గదిలో కూర్చుండిపోయినవారు ఎందరు అని అడిగితే చాలాకాలము ఎవరి దగ్గరను సరియైన జవాబు లేదు. పశువులకు ఉన్న పద్దు మనిషి మనస్సుకు ఎందుకు లేకపోయినది? ఇది మన కుటుంబములన్నియు ఆలోచింపవలసిన ప్రశ్న.

రోగమునకు మందు కావాలి గాని లెక్కలెందుకు అని కొందరు అనవచ్చును. జిల్లాకు ఎందరు వైద్యులు కావాలి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు ఏ మందులు ఎన్ని పంపాలి, బడ్జెటులో ఎంత సొమ్ము వేరుగా ఉంచాలి అనే విషయములు లెక్కలను చూచియే తేల్చవలసి ఉంటుంది. ఎందరున్నారో తెలియని చోట ఎంత ఇచ్చినను అది ఉజ్జాయింపే గదా!

పద్దులు చెప్పినవి

మానసిక రోగుల సంఖ్య తెలిసికొనుటకు మొదట చూచేది ఆసుపత్రి రిజిస్టరు. విశాఖపట్నములోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో గాని, హైదరాబాదు ఎర్రగడ్డ ఆసుపత్రిలో గాని ఆ రిజిస్టరులో ఉండేది అక్కడికి వచ్చినవారి పేర్లే. బస్సు ఛార్జీలు లేక, నలుగురు ఏమనుకుంటారోనని ఇంటిలోనే ఉండిపోయినవారు ఆ పద్దులోనికి రారు.

రెండవది పోలీసు రికార్డు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారము 2022లో మన దేశములో 1,70,924 మంది తమ ప్రాణములను తామే తీసికొన్నారు. వారిలో 100కి 31.7 మంది విషయములో కుటుంబ సమస్యలు, 18.4 మంది విషయములో అనారోగ్యము కారణమని వ్రాసియున్నది. ఈ కారణములు ఠాణాలో నమోదైన మాటలను బట్టి వచ్చినవి. "కడుపునొప్పి తాళలేక" అనే మాట మన పత్రికలలో ఎన్నిసార్లు చదివియున్నాము! ఆ నొప్పి కడుపులోనిదా, మనస్సులోనిదా అని ఆ దుఃఖములో అడిగేవారెవరు? అడిగినను చెప్పేవారెవరు?

మూడవది జనాభా లెక్క. 2011లో మానసిక వ్యాధి వలన వికలాంగులైనవారు దేశము మొత్తములో 7,22,826 మంది అని తేలినది. 121 కోట్ల జనములో అది 10,000 మందికి ఆరుగురు మాత్రమే.

సొమ్ము ఇచ్చి అడిగించినప్పుడు

2015–16లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ సొమ్ము ఇచ్చి, బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ చేత జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేయించినది. 12 రాష్ట్రములలో 18 ఏండ్లు నిండిన 34,802 మందిని వారి యిండ్లకే వెళ్లి ప్రశ్నించారు. తీవ్రమైన మానసిక వ్యాధితో అప్పుడు బాధపడుతున్నవారు పెద్దలలో 100కి 0.8 మంది, అనగా 10,000కి 80 మంది అని తేలినది. దిగులు, భయము, మద్యపానపు వ్యసనము వంటివన్నియు కలిపితే 100కి 10.6 మంది. సుమారు 15 కోట్ల మందికి చికిత్స గాని ఇతర సహాయము గాని అవసరమని నివేదిక తెలిపినది.

ఆరుగురెక్కడ, 80 మంది ఎక్కడ! జనాభా లెక్కలో అడిగినది వైకల్యమును గురించి, సర్వేలో అడిగినది వ్యాధిని గురించి. కావున రెండును ఒకటే కాదు. అయినను ఇంత తేడాకు మరియొక కారణము కూడ ఉన్నది. జనాభా లెక్కల ఉద్యోగి అనేక ప్రశ్నలతో గడప దగ్గర నిలబడి, "మీ యింటిలో ఎవరికైనా ఉన్నదా?" అని ఇంటి పెద్దను అడుగుతాడు. ఇంటి పెద్ద లేదంటాడు. సర్వేకు వచ్చినవారు శిక్షణ పొందినవారు. "నీకు పిచ్చి ఉన్నదా?" అని వారు అడుగరు. నిద్ర ఎట్లున్నది, పనిమీద మనస్సు నిలుచుచున్నదా, బ్రతుకు మీద విసుగు కలిగినదా అని ఆ మనిషినే, అతని మాతృభాషలోనే అడుగుతారు. ప్రశ్నలను ఆయా భాషలలోనికి మార్చుటకు, అడిగేవారికి శిక్షణ ఇచ్చుటకు, పల్లె పల్లెకు వారిని పంపుటకు సొమ్ము కావాలి. ప్రభుత్వము ఖర్చు చేసినది అందుకొరకే.

ఆ సర్వే మరియొక చేదు నిజమును కూడ బయటపెట్టినది. వ్యాధిని బట్టి 100కి 70 నుండి 92 మందికి చికిత్స అందలేదు. చికిత్స పొందుతున్న కుటుంబములకు మందులకు, ప్రయాణములకు నెలకు 1,000 నుండి 1,500 రూపాయలు ఖర్చగుచున్నవి. కూలి చేసికొని బ్రతికే యింటికి అది చిన్న మొత్తము కాదు.

ఆ 12 రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. తమిళనాడును, ఛత్తీస్‌గఢ్‌ను చూచి మన సంగతి ఊహించుకొనవలసి వచ్చినది. ఇప్పుడు అన్ని రాష్ట్రములను కలుపుతూ రెండవ సర్వేను నిమ్హాన్స్ చేపట్టినది. జనాభా లెక్కలకు కూడ 2027 మార్చి 1ని ప్రామాణిక దినముగా 2025 జూన్‌లో ప్రకటించారు. కావున అడిగేవారు మన గడపకును రావచ్చును.

మన భయములు

నిజము చెప్పుటకు మన కుటుంబములు వెనుదీయుటకు కారణములు లేకపోలేదు. ఆడపిల్ల పెండ్లి సంబంధము తప్పిపోతుందేమో, పొలము పంపకములో మాట వస్తుందేమో, పోలీసులు వస్తారేమో అని భయము. మన సంఘములలోను ఇంతే. ప్రార్థన మనవులు అడిగినప్పుడు షుగరని, బి.పి. అని, మోకాళ్ల నొప్పులని లేచి చెబుతాము. మనస్సు బాగుండలేదని ఎందరము చెప్పగలుగుచున్నాము?

ఈ భయములలో కొన్నిటికి చట్టమే జవాబిచ్చినది. జనాభా లెక్కలలో ఇచ్చిన జవాబులు రహస్యముగా ఉంచవలెనని, వాటిని కోర్టులో సాక్ష్యముగా వాడరాదని 1948 నాటి చట్టము చెబుతున్నది. రోగి వివరములు గోప్యముగా ఉంచబడే హక్కును 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఇచ్చినది. ప్రాణము తీసికొనబోయి బ్రతికినవాడు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడని భావించి, అతనికి చికిత్స చేయించవలెనని అదే చట్టము ఆదేశించినది. అతనిని శిక్షించే పాత 309వ సెక్షను 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన క్రొత్త శిక్షాస్మృతిలో లేదు.

మనము చేయదగినది

ఎవరైన అడుగుటకు వచ్చినప్పుడు గుర్తింపు కార్డు చూపుమని అడుగుదము. ఇరుగుపొరుగువారు గుమిగూడి ఉంటే, లోపల కూర్చుని మాటలాడుదమని చెప్పుదము. ఇంటి పెద్ద ఒక్కడే అందరి తరపున జవాబు చెప్పక, బాధపడుచున్న మనిషినే మాటలాడనిద్దము. కోడలిని అడిగిన ప్రశ్నకు అత్తగారు జవాబు చెప్పితే ఆ లెక్క తప్పే అవుతుంది.

సర్వే వచ్చేవరకు చికిత్సను ఆపవద్దు. 1996లో నాలుగు జిల్లాలలో ఆరంభమైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము నేడు 750కి పైగా జిల్లాలకు మంజూరైనది. జిల్లా ఆసుపత్రిలో దానిని గురించి విచారించవచ్చును. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్‌కు 14416 నంబరు మీద ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో మానసిక వ్యాధి కూడ చేరియున్నది గనుక, వైకల్యము 40 శాతమునకు తక్కువ కాకుండ ఉన్నవారు ధ్రువపత్రమునకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును.

ఒక యింటిలో దాచిన మాట ఆ యింటితోనే ఆగిపోదు. అది మండలపు లెక్కలో తగ్గుతుంది, జిల్లా లెక్కలో తగ్గుతుంది, చివరకు ఆరోగ్య కేంద్రమునకు వచ్చే మందులలోను తగ్గుతుంది. అప్పుడు మన పిల్లవాడే కాదు, పేరు తెలియని పొరుగు గ్రామపు పిల్లవాడు కూడ మందు లేకుండ మిగిలిపోతాడు. సర్వేకు ప్రభుత్వము సొమ్ము ఇవ్వగలదు, మనిషిని పంపగలదు. అతడు అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్లు చెప్పవలసినవారము మాత్రము మనమే.