రాతినేలలో నీటి లెక్క
ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంత భూగర్భ జలాలు – శాస్త్ర పరిశోధనలు తెలిపే వాస్తవాలు

(ప్రత్యేక వ్యాసం)

కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలోని ఎమ్మిగనూరు, ఆదోని, కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం మండలాలలో వర్షాలు ముఖం చాటేసిన సంవత్సరం గ్రామాలు సగం ఖాళీ అవుతాయి. ఇళ్ళకు తాళాలు వేసి, ముసలివారిని ఊళ్ళో ఉంచి, కుటుంబాలు గుంటూరు ప్రాంతపు మిరప కోతలకు, ప్రత్తి తీతలకు తరలిపోతాయి. దీనినే ఇక్కడి ప్రజలు ‘సుగ్గికి పోవడం’ అంటారు. సుగ్గి తప్పించుకోవాలన్న ఆశతోనే రైతు అప్పు చేసి బోరు వేస్తాడు. ఆ బోరులో నీరు పడకపోతే అప్పు తీర్చడానికి మళ్ళీ సుగ్గికే పోవలసి వస్తుంది. కనుక ఈ ప్రాంతంలో భూమి క్రింద నీరెంత ఉన్నదన్న ప్రశ్న శాస్త్రవేత్తలకు మాత్రమే పరిమితమైనది కాదు. దానిపై ప్రభుత్వ సంస్థలు దశాబ్దాలుగా సేకరించిన సమాచారం ప్రతి గ్రామానికి చేరవలసిన అవసరం ఉన్నది.

నేల స్వభావం

ఈ ప్రాంతమంతా సుమారు 250 కోట్ల సంవత్సరాలకు పూర్వం ఏర్పడిన గ్రానైటు, నైస్ శిలలపై నిలిచి ఉన్నది. ఆదోని కొండలు ఆ శిలలే. ఇసుక నేలలలో వలె ఈ రాతిలో రేణువుల మధ్య నీరు నిలువదు. పైన నల్లరేగడి లేదా ఎర్రనేల, దాని క్రింద రాయి శిథిలమై ఏర్పడిన మొరం పొర, ఆ క్రింద పగుళ్ళు గల రాయి, చివరకు చీలిక లేని గట్టి రాయి ఉంటాయి. మొరంలోను, పగుళ్ళలోను మాత్రమే నీరు ఉంటుంది.

హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఫ్రెంచి శాస్త్రవేత్తల సహకారంతో ఇదే తరహా గ్రానైటు నేల గల మహేశ్వరం పరీవాహక ప్రాంతంలో విస్తృత పరిశోధనలు జరిపింది. నీటిని ఇచ్చే పగుళ్ళు ప్రధానంగా పైనున్న కొన్ని పదుల మీటర్లలోనే ఉంటాయని, లోతుకు పోయేకొద్దీ వాటి సంఖ్య తగ్గుతుందని ఆ పరిశోధనలలో తేలింది. వందల అడుగుల లోతుకు పోతే తప్పక నీరు పడుతుందన్న నమ్మకానికి ఈ శిలలలో ఆధారం తక్కువ. లోతైన పగులు తగిలి నీరు వచ్చినా, అది రాతితో చాలాకాలం కలిసి ఉన్న నీరు కావడం వలన అందులో ఫ్లోరైడు ఎక్కువగా ఉండే అవకాశం కలదు. త్రాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని భారత ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి.

బెత్తెడు నీరు

భూగర్భ జల వనరుల అంచనా కమిటీ 1997లో నిర్దేశించిన ప్రమాణాల ప్రకారం శిథిల గ్రానైటు నేలలలో కురిసిన వర్షంలో నూటికి 8 నుండి 11 పాళ్ళు మాత్రమే భూగర్భానికి చేరుతుంది. బంకమన్ను అధికంగా ఉన్నచోట 8, తక్కువగా ఉన్నచోట 11గా లెక్కిస్తారు. 600 మిల్లీమీటర్ల వర్షం కురిసిన సంవత్సరంలో భూమికి దక్కేది 48 నుండి 66 మిల్లీమీటర్లు. అంటే బెత్తెడు కూడా కాదు.

అయితే బావిలో నీటిమట్టం మాత్రం రెండు, మూడు మీటర్లు పెరుగుతుంది. శిథిల పొరలో నూరు పాళ్ళలో ఒకటిన్నర నుండి మూడు పాళ్ళ స్థలమే వాడుకోదగిన నీటికి ఉండటమే ఇందుకు కారణం. నీరు కొద్దిగా చేరినా మట్టం ఎగసిపడుతుంది, కొద్దిగా తోడినా దిగిపోతుంది. పెరిగిన మట్టాన్ని చూసి సంపద పెరిగిందనుకుని రైతు వరి నాటడం, మాఘమాసం నాటికి బోరు ఆగిపోవడం ఇక్కడ తరచు జరిగే నష్టానికి మూలం.

ఒక ఎకరం వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలి. దానిని పూర్తిగా బోరు నుండే ఇవ్వవలసి వస్తే 18 నుండి 25 ఎకరాలలో ఇంకిన వర్షపు నీరు ఆ ఒక్క ఎకరానికే ఖర్చవుతుంది. సుమారు 500 మిల్లీమీటర్లు కోరే వేరుశనగకు 8 నుండి 10 ఎకరాల ఊట చాలును. పొలానికి పెట్టిన నీటిలో కొంత తిరిగి ఇంకుతుంది, చెరువులు, కాలువల నుండి కొంత చేరుతుంది. అయినప్పటికీ పంటల మధ్య నిష్పత్తి మారదు. ఒకరి పొలంలోని బోరు ఇరుగుపొరుగు పొలాల నీటిని కూడా తోడుతుందన్న సంగతి ఈ లెక్కలోనే ఉన్నది.

విద్యుత్తు ఖర్చు

నీటిమట్టం తగ్గితే విద్యుత్తు వినియోగం పెరుగుతుంది. 60 మీటర్ల లోతు నుండి, నూటికి 40 పాళ్ళ సామర్థ్యం గల పంపుతో ఎకరం వరికి కావలసిన నీటిని పూర్తిగా తోడటానికి సుమారు 2,000 యూనిట్లు, వేరుశనగకు సుమారు 825 యూనిట్లు అవసరమని గణన తెలుపుతుంది. లోతు రెట్టింపైతే ఖర్చు రెట్టింపవుతుంది. 2004 నుండి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు అమలులో ఉన్నందున ఈ వ్యయం రైతు లెక్కలో కనిపించదు, ప్రభుత్వ ఖజానా లెక్కలో కనిపిస్తుంది.

కాలువ నీటి పరిమితి

ఈ ప్రాంతానికి తుంగభద్ర దిగువ కాలువ ప్రాణాధారం. ఆదోని పట్టణానికి త్రాగునీరు అందించే బసాపురం వేసవి జలాశయం నిండేది ఈ కాలువతోనే. అయితే 1953లో పూర్తయిన తుంగభద్ర జలాశయం నిల్వ సామర్థ్యం అప్పట్లో సుమారు 133 టి.ఎం.సి.లు కాగా, పూడిక కారణంగా 2016 సర్వే నాటికి 105.788 టి.ఎం.సి.లకు తగ్గింది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు కొట్టుకుపోయి నిల్వ ఉన్న నీరు నదిపాలైన సంఘటన ఆయకట్టు రైతులను కలవరపరచింది. కాలువ చివరి గ్రామాలు బోర్లనే ఆశ్రయించడానికి ఈ పరిస్థితులు కూడా కారణం.

గడ్డినేలలు, వన్యప్రాణులు

నీరు చేరినచోట పంట మారుతుంది, పంట మారినచోట గడ్డినేల తరుగుతుంది. ఉమ్మడి కర్నూలు జిల్లాలో, నేటి నంద్యాల జిల్లాలోని రోళ్ళపాడు ఇందుకు నిదర్శనం. బట్టమేక పక్షి కోసం 1988లో అక్కడ అభయారణ్యం ఏర్పాటైనది. పరిసరాలలో సాగునీటి వసతి పెరిగి మెట్ట పైర్లు, పచ్చికబయళ్ళు తగ్గిన కొలదీ ఆ పక్షి కనుమరుగవుతూ వచ్చింది. దేశం మొత్తం మీద వాటి సంఖ్య 150కి మించదని అంచనా. మరోవైపు పచ్చిక కరువైన కృష్ణజింకలు పైర్లపై పడటం రైతులకు బెడదగా మారింది. బీడు భూములు, పోరంబోకు గడ్డినేలలు నిరుపయోగమైనవి కావు. అవి వాన నీటిని నిలిపి ఇంకించే నేలలు, వన్యప్రాణులకు ఆశ్రయాలు కూడా.

రైతులే కొలిచిన నీరు

శాస్త్రీయ లెక్కలు గ్రామస్థులకు అర్థం కావన్న అభిప్రాయాన్ని 2000ల దశకంలో అమలైన రైతు భాగస్వామ్య భూగర్భ జల నిర్వహణ పథకం తొలగించింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సహకారంతో కర్నూలుతో సహా ఏడు కరవు జిల్లాలలో, 600కు పైగా ఆవాసాలలో ఈ పథకం నడిచింది. రైతులే, మహిళలతో సహా, వర్షమాపకంలో వానను, బావులలో నీటిమట్టాన్ని కొలిచి నమోదు చేశారు. రబీకి ముందు గ్రామసభలో చేరి ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసినదెంత అని లెక్క వేసుకున్నారు. ఎవరినీ ఏ పంటా మానమని ఆజ్ఞాపించలేదు. లెక్క చూసిన పిదప పలువురు తామే వరి తగ్గించి ఆరుతడి పైర్లకు మళ్ళారు.

చేయవలసినవి

రాష్ట్ర భూగర్భ జల శాఖ పీజోమీటర్ల ద్వారా నీటిమట్టాలను క్రమంగా నమోదు చేస్తున్నది. ఏటా చేరే నీటిలో వాడకం నూటికి 70 వరకు ఉన్న ప్రాంతాలను సురక్షితమైనవిగా, 100 దాటిన వాటిని అతి వినియోగ ప్రాంతాలుగా వర్గీకరిస్తున్నారు. నీరు, భూమి, వృక్ష సంరక్షణ చట్టం, 2002 ప్రకారం బావుల నమోదు తప్పనిసరి. ప్రజల త్రాగునీటి వనరుకు 250 మీటర్లలోపు కొత్త బావి త్రవ్వరాదు.

ఈ నేపథ్యంలో అధికారులు మే, నవంబరు మాసాల నీటిమట్టాలను ప్రతి పంచాయతీ కార్యాలయం వద్ద అందరికీ తెలిసే రీతిలో ప్రకటించడం మేలు. రైతులు అరచేతిలో కొబ్బరికాయ నిలిపి చూసే పద్ధతిని నమ్ముకోక, భూభౌతిక సర్వే జరిపించిన పిదపనే బోరు తలపెట్టాలి. సర్వే కూడా నీటిని సృష్టించలేదు, కాని లేనిచోట త్రవ్వే ఖర్చును తప్పించగలదు. పత్రికా ప్రతినిధులు వర్షపాతంతో పాటు నీటిమట్టాల వివరాలను కూడా గ్రామాలవారీగా పాఠకుల ముందుంచితే, రబీ పంట నిర్ణయానికి ముందే ఆ సమాచారం రైతుకు చేరుతుంది. ఈ రాతినేలలో ఉన్నది బెత్తెడు నీరే. దానిని కొలుచుకుని పంచుకున్న గ్రామంలో సుగ్గి బండి ఎక్కవలసిన కుటుంబాలు తగ్గుతాయి.