మక్కా వైద్యుడి సంతకం: కొద్దికాలపు కృషి, దీర్ఘకాలపు భద్రత

1885 ఫిబ్రవరిలో క్రిస్టియాన్ స్నూక్ హుర్‌ఖ్రోన్యె అనే డచ్ పండితుడు జెద్దా నుంచి మక్కాకు చేరుకున్నాడు. వయసు 28 ఏళ్ళు. అప్పటికి కొద్ది వారాల ముందే ఇస్లాం స్వీకరించి అబ్దుల్ గఫార్ అన్న పేరు పెట్టుకున్నాడు. మక్కాలో ఆయన గడిపింది ఆరు నెలలకు లోపే. తైమా శిలాశాసనం వ్యవహారంలో ఆయన పేరును ముడిపెడుతూ ఒక ఫ్రెంచి పత్రికలో వార్త వచ్చింది. దాంతో ఆగస్టులో ఒట్టోమన్ అధికారులు ఆయనను నగరం నుంచి పంపివేశారు. హజ్ యాత్ర చూడటం కోసమే అంతకాలం వేచి ఉన్న మనిషి, యాత్ర కొన్ని వారాల్లో మొదలవుతుందనగా వెళ్ళిపోవలసి వచ్చింది.

కానీ కెమెరా మక్కాలోనే ఉండిపోయింది. స్నూక్ దగ్గర ఫొటోగ్రఫీ నేర్చుకున్న స్థానిక వైద్యుడు దానితో పని కొనసాగించాడు. విచిత్రమేమిటంటే ఆయన పేరు కూడా అబ్దుల్ గఫారే. వైద్యంతో పాటు గడియారాలు, తుపాకులు బాగుచేయడం కూడా తెలిసిన మనిషి. యాత్రికులను, ప్రముఖులను, హజ్ దృశ్యాలను ఆయన తీసిన ఫొటోలు జెద్దాలోని డచ్ కాన్సులేట్ ద్వారా లైడెన్ నగరానికి చేరాయి. అంతకు ముందు ఈజిప్టు సైనికాధికారి మొహమ్మద్ సాదిక్ బే మదీనా, మక్కాలను ఫొటోలు తీసి ఉన్నాడు. అయితే మక్కా నివాసి ఒకరు తన ఊరిని తానే ఫొటోలు తీసిన తొలి సందర్భంగా చరిత్రకారులు ఈ వైద్యుడి కృషినే గుర్తిస్తారు.

1889లో స్నూక్ ఈ చిత్రాలతో ‘బిల్డర్ ఔస్ మెక్కా’ అన్న సంపుటం ప్రచురించాడు. అసలు చిత్రాల్లో చాలావాటి మీద అరబ్బీ లిపిలో అందమైన సంతకం ఉండేది: సయ్యద్ అబ్దుల్ గఫార్, మక్కా వైద్యుడు. అచ్చులో అది లేదు. చిత్రకారుడికి పేరుతో గుర్తింపు దక్కలేదు. ఇద్దరిదీ ఒకే పేరు కావడం గందరగోళాన్ని మరింత పెంచింది. కొన్ని దశాబ్దాల పాటు ఆ ఫొటోలన్నీ స్నూక్ తీసినవిగానే చలామణి అయ్యాయి. సంతకాలు మిగిలిన ప్రతులను పరిశోధకులు పరిశీలించిన తర్వాతనే వైద్యుడి పేరు తిరిగి వెలుగులోకి వచ్చింది.

కొద్దికాలపు సాంస్కృతిక కృషికి సంబంధించిన సామగ్రిని భద్రపరచడం గురించి ఆలోచించేవారికి ఈ ఉదంతం రెండు విధాల ఉపయోగపడుతుంది. కొద్దికాలం నడిచిన పని తాలూకు చిత్రాలు నూట ముప్ఫై ఏళ్ళకు పైగా నిలిచాయంటే కారణం గాజు పలకల గట్టిదనం కాదు. 1575లో స్థాపించిన విశ్వవిద్యాలయం ఒకటి వాటి బాధ్యత తీసుకోవడమే కారణం. రెండవది, బొమ్మ నిలిచినా దాని వెనుక ఉన్న మనిషి మాయం కాగలడు. పేరూ తేదీ లేని ఎక్స్‌రే ఫిల్ము ఎంత స్పష్టంగా ఉన్నా వైద్యుడికి ఎందుకూ కొరగాదు. ఎవరిదో, ఎప్పటిదో తెలియని ఫొటో కూడా చరిత్రకారుడికి దాదాపు అంతే.

స్నూక్ సేకరణలో మైనపు సిలిండర్లు కూడా ఉన్నాయి. 1906-1909 ప్రాంతంలో జెద్దాలో రికార్డు చేయించిన హిజాజ్ సంగీతం వాటిలో ఉంది. ఒక్కో సిలిండర్‌లో పట్టేది కొన్ని నిమిషాల ధ్వని. మైనానికి బూజు పడుతుంది. వాయించిన ప్రతిసారీ గాడి అరుగుతుంది. అంటే వినడమే దాన్ని పాడుచేయడం. డిజిటల్ రూపంలోకి మార్చిన తర్వాతే పరిశోధకులు నిశ్చింతగా వినగలుగుతున్నారు.

నేటి సౌదీలో సమస్య తలకిందులైంది. వినడం, చూడటం తేలిక. దాచడమే కష్టం. 2020 జనవరి 31 నుంచి మార్చి 7 వరకు అల్‌ఉలా ఎడారిలో ‘డెజర్ట్ ఎక్స్’ కళాప్రదర్శన జరిగింది. 14 మంది కళాకారులు పాల్గొన్నారు. సౌదీ కళాకారిణి మనాల్ అల్‌దొవయాన్ ఇసుకలో నీటిమడుగుల్లా కనిపించే ట్రాంపొలీన్లను అమర్చారు. దూరం నుంచి నీళ్ళనుకుని వెళ్ళినవారు వాటిపై ఎగరవచ్చు. ఎడారిలో నీటి కొరతను ఆటగా మార్చి చూపిన కృతి అది. ఇలాంటిదాన్ని భద్రపరచడమంటే ఏమిటి? ఫొటో మడుగును మాత్రమే చూపుతుంది. దాని మీద కాలు పెట్టినవాడి ఆశ్చర్యం వీడియోలో కొంత దొరుకుతుంది. అమర్చిన విధానం, వాడిన సామగ్రి, కళాకారిణి రాసుకున్న నోట్స్, హక్కుల ఒప్పందం కూడా లేకపోతే తర్వాతి తరానికి మిగిలేది ప్రచార చిత్రమే.

స్వల్పకాలిక ప్రాజెక్టుల స్వభావంలోనే ఒక లోపం ఉంది. ముగింపు సభ రోజుతో బడ్జెట్ అయిపోతుంది, బృందం చెదిరిపోతుంది. వెబ్‌సైట్ పేరుకు ఏటా కట్టవలసిన రుసుము ఎవరి ఖాతాలోనూ ఉండదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి సంస్థలు పేజీలను నకలు తీసి ఉంచుతాయి గానీ, లాగిన్ అయితే తప్ప కనిపించని ఆల్బములు వాటికి అందవు. వాణిజ్య వేదికల భరోసా అంతకంటె తక్కువ. 2003-2015 మధ్య తమ వేదికకు చేరిన పాటలను పోగొట్టుకున్నట్టు మైస్పేస్ 2019లో ఒప్పుకుంది.

రియాద్, జెద్దా, దమ్మాంలలో ఉగాది, సంక్రాంతి వేడుకలు జరుపుకునే తెలుగువారి పరిస్థితి ఇంకా సున్నితం. అక్కడి నివాసం ఇకామాతో ముడిపడినది. ఉద్యోగ ఒప్పందం తీరగానే కార్యదర్శి హైదరాబాదుకో, టొరాంటోకో వెళ్ళిపోతాడు. సభ్యుల జాబితా, నాటకం స్క్రిప్టు, పిల్లల పద్యాల వీడియోలు ఆయన ఫోనుతో పాటే వెళ్ళిపోతాయి. సావనీర్ల సంగతి మరీ అన్యాయం. యూనికోడ్ వాడుక స్థిరపడక ముందు అను ఫాంట్లలో పేజ్‌మేకర్ మీద కూర్చిన ఫైళ్ళను నేడు తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. ఫైలు చెక్కుచెదరకుండా ఉంది, భాష పోయింది. అప్పుడే ఒక పీడీఎఫ్ తీసి, అచ్చు ప్రతి ఒకటి గ్రంథాలయానికి ఇచ్చి ఉంటే ఈ బాధ లేదు.

గ్రంథాలయానికి ఇవ్వడంతోనూ పని పూర్తికాదు. 2000 ఆగస్టు వరదలో హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని ఉర్దూ పరిశోధన సేకరణ తడిసి ముద్దయింది. దానిని కాపాడటానికి షికాగో విశ్వవిద్యాలయం సాయం చేసింది. అందుకే ప్రతులు వేర్వేరు ఊళ్ళలో, వేర్వేరు యాజమాన్యాల కింద ఉండాలి. అంతరిక్ష సంస్థలు తమ సమాచారం కోసం రూపొందించగా ఐఎస్‌ఓ 14721 ప్రమాణంగా స్థిరపడిన ఆర్కైవ్ నమూనా మరో మెలిక చెబుతుంది: దాచేవాడు దాచినదాన్ని చదవడానికి అవసరమైన సమాచారాన్ని కూడా దాచాలి. తెలుగు సంఘానికి దాని అర్థం చాలా మామూలు పని. పాత ఫాంటు ఫైలుతో పాటు దాని పీడీఎఫ్, యూనికోడ్ పాఠం ఉంచాలి. వీడియోలో ఎవరెవరున్నారో, ఏ ఊరి హాలో, ఏ ఏడాదో ఒక కాగితం మీద రాయాలి. పిల్లల ముఖాలు కనిపించే వీడియోలు ఎవరు చూడవచ్చో తల్లిదండ్రులను అడిగి నమోదు చేయాలి.

నిజానికి ఇందులో పెద్ద ఖర్చేమీ లేదు. కార్యక్రమానికి హాలు మాట్లాడుకున్న రోజునే ఫైళ్ళు ఎవరి చేతికి వెళ్ళాలో నిర్ణయించుకుని, ఒకరిని అందుకు నియమించుకుంటే సగం పని అయినట్టే. మిగిలిన సగం, ఫొటోల కింద పేర్లు రాయడం. అది ఆ ముఖాలను గుర్తుపట్టేవారు ఊళ్ళో ఉండగానే, కార్యదర్శి ఎగ్జిట్ వీసా తీసుకునే లోపలే జరగాలి.