ఆరో తరగతి చేతికి ఏ నవల ఇవ్వాలి?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు మొదట "చదువు గొప్పతనం" మీద రాద్దామనుకున్నాను. ఆ అంశం మీద ఎలాగూ ఇంకో నలుగురు రాస్తారు. అందుకని నాకు కాస్త తెలిసిన సంగతి ఒకటి రాస్తున్నాను. ఐదో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఉన్న పిల్లలు ఏ నవలలు చదవవచ్చు, హాస్టల్లో వాటిని ఎలా చదువుకోవచ్చు అన్నదే ఆ సంగతి. నేను ఆరు నుంచి పది దాకా ఈ హాస్టల్లోనే ఉన్నాను. ఇప్పుడు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతున్నాను.

మా రోజుల్లో బియ్యం బస్తాలున్న స్టోర్ రూములో ఒక చెక్క బీరువా ఉండేది. అందులో పుస్తకాలున్నాయని అందరికీ తెలుసు, చూసినవాడు లేడు. ఎప్పుడూ తాళమే. పుస్తకం పోతే లెక్కల్లో తనకు చుట్టుకుంటుందని అప్పటి పెద్దల భయం. ఇప్పుడు నేనూ ఉద్యోగిని కనుక ఆ భయం నాకు అర్థమవుతుంది, కాని అప్పుడు కాలేదు. నేను ఆరో తరగతిలో చేరిన మొదటి నెలలో రాత్రిళ్ళు దుప్పటి ముసుగేసుకుని ఏడుస్తుంటే వాచ్‌మెన్ తాత చూశాడు. ఆయనకు చదువు రాదు. మర్నాడు రాత్రి ఎక్కడినుంచో అట్టలేని పుస్తకం ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. మొదటి పదహారు పేజీలు లేవు. పదిహేడో పేజీ నుంచి కథ. ఒక కుర్రాడు, ఒక ఓడ, ఒంటికాలి వంటవాడు, ఎక్కడో పాతిపెట్టిన ధనం! రోజూ స్టడీ అవర్ అయ్యాక గేటు దగ్గర లైటు కింద కూర్చుని చదివేవాణ్ణి. తాత ఊరుకునేవాడు కాదు. "ఇంతకీ ఆ కుంటోడు మరేటి సేసినాడ్రా?" అని అడిగేవాడు. అప్పటిదాకా చదివింది ఆయనకు చెప్పాల్సి వచ్చేది. ఆ నెల ఎలా గడిచిందో నాకు తెలియలేదు.

ఆ పుస్తకం పేరు నాకు డిగ్రీలో తెలిసింది. ద్వారకానగర్‌లోని విశాఖ పౌర గ్రంథాలయంలో ఏదో వెతుకుతుంటే "కాంచనద్వీపం" దొరికింది. రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ 1883లో పుస్తకంగా తెచ్చిన "ట్రెజర్ ఐలాండ్"కు నండూరి రామమోహనరావు గారి తెలుగు. అక్కడే నిలబడి ఆ పదహారు పేజీలూ చదివేశాను.

ఇక విషయానికి వస్తాను. ఎనిమిదేళ్ళ నుంచి పన్నెండు, పదమూడేళ్ళ వయసు పిల్లల కోసం రాసే నవలలను ఇంగ్లీషులో "మిడిల్ గ్రేడ్" అంటారు. పుస్తకాల షాపుల్లో వాటికి విడిగా అరలుంటాయి. అలాంటి నవలలో కథానాయకుడు ఆ వయసు పిల్లవాడో పిల్లో అయి ఉంటుంది. చిక్కును పెద్దలు వచ్చి విప్పరు, పిల్లలే విప్పుకుంటారు. వంద, రెండు వందల పేజీల మధ్య ఉంటుంది. ఒక్కో అధ్యాయం ఒక పూటలో అయిపోతుంది. తెలుగులో ఈ అర దాదాపు ఖాళీ. మనకు చిన్నపిల్లల బొమ్మల కథలున్నాయి, నీతికథలు బోలెడున్నాయి, పెద్దల నవలలున్నాయి. మధ్యలో ఉన్నవాడికి దిక్కులేదు. వాడు నీతికథ చూసి "ఇది చిన్నపిల్లలది" అంటాడు, పెద్దల నవల తెరిచి మూడో పేజీలో మూసేస్తాడు. ఆ తరవాత గైడు తప్ప మరో పుస్తకం ముట్టడు.

దీనివల్ల ఏమవుతుందో నేను రోజూ తరగతిలో చూస్తున్నాను. తొమ్మిదో తరగతికి వచ్చినవాడు అక్షరాలన్నీ చదువుతాడు. పది వాక్యాలు దాటేసరికి మొదటి వాక్యం మర్చిపోతాడు. ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతికి రామాయణాన్ని ఉపవాచకంగా పెట్టారు. కథను మొదటినుంచి చివరిదాకా చదివి మనసులో నిలుపుకోవలసిన చోట కూడా పిల్లలు గైడులోని జవాబులు బట్టీ పడుతున్నారు. పెద్ద కథను మోసే బలం పదో తరగతిలో ఒక్కసారిగా రాదు, ఆరో తరగతిలో మొదలవ్వాలి. ట్యూషన్ ఉన్న పిల్లలకు ఎవరో ఒకరు చెబుతారు. మనకు ఎవరు చెబుతారు?

సరే, ఏవి చదవాలి?

మొట్టమొదట చందమామ సీరియల్స్. చందమామ 1947 జూలైలో మొదలైంది. 2013 నాటికి ఆగిపోయింది. అందులో 1950ల నుంచి దాసరి సుబ్రహ్మణ్యం గారు వరుసగా రాసిన జానపద సీరియల్స్ ఉన్నాయి: తోకచుక్క, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం, మాయాసరోవరం, ఇంకా కొన్ని. చాలాకాలం రచయిత పేరు లేకుండానే అచ్చయ్యాయి. మన తాతలు, నాన్నలు చదివినా ఆయన పేరు తెలిసినవారు తక్కువ. 2010లో పోయారు. ప్రతి నెలా సరిగ్గా ప్రాణం మీదికి వచ్చినచోట "ఇంకా ఉంది" అని ఆపేవారు. వాక్యాలు చిన్నవి, సంభాషణ సూటిగా ఉంటుంది, తెలియని మాట వచ్చినా కథ ఆగదు. చదవడం వెనకబడిన పిల్లవాడికి ఇంతకంటే మంచి మందు నాకు తెలియదు. పాత సంచికలు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. సెల్‌ఫోన్‌లో ఎలాగూ ఏదో ఒకటి చూస్తారు కదా, ఇవీ చూడండి.

తరవాత నండూరి వారి అనువాదాలు. కాంచనద్వీపం సంగతి చెప్పాను. మార్క్ ట్వేన్ రాసిన "టామ్ సాయర్" కూడా ఆయనే తెలుగు చేశారు. టామ్‌కు శిక్షగా కంచెకు సున్నం వేయమంటే, అదేదో గొప్ప అవకాశమైనట్టు నటించి, ఊళ్ళో పిల్లల చేత వేయిస్తాడు, పైగా వాళ్ళ దగ్గరే వస్తువులు పుచ్చుకుంటాడు. వార్షికోత్సవానికి ముందు గోడలకు సున్నం వేసిన మన హాస్టల్ పిల్లలకు ఆ అధ్యాయం వివరించక్కర్లేదు! "రాజూ - పేద" కూడా ఈ వయసుకు సరిపోతుంది. దాన్ని ఆధారం చేసుకుని 1954లో రామారావు గారితో సినిమా వచ్చింది. "హకల్‌బెరీ ఫిన్" మాత్రం ఎనిమిదో తరగతి దాటాక చదవండి. పారిపోయిన బానిస జిమ్‌ను పట్టివ్వడమే ధర్మమని హక్‌కు అందరూ నేర్పి ఉంటారు. నరకానికి పోయినా సరే పట్టివ్వనని వాడు నిర్ణయించుకుంటాడు. ఆ చోట ఆగి, నలుగురు కూర్చుని మాట్లాడుకోవాలి.

నవల కాదుగాని నవలలా చదివించే పుస్తకం "రైలుబడి". జపాన్‌కు చెందిన తెత్సుకో కురోయనాగి తన చిన్ననాటి బడి గురించి రాసింది. అక్కడ 1981లో వచ్చింది. పాత రైలు పెట్టెలే ఆ బడిలో తరగతి గదులు. గోపాలపట్నంలో రైలు కూత వినకుండా మనం నిద్రపోయిన రాత్రి ఉందా? అందుకని మనవాళ్ళకు పేరు చూడగానే ఆశ పుడుతుంది. మొదటి బడి వాళ్ళు అల్లరిపిల్ల అని పంపేసిన ఆ అమ్మాయి మాటలను కొత్త హెడ్మాస్టరు కొబయాషి గారు నాలుగు గంటలు కదలకుండా వింటారు. మధ్యాహ్నం క్యారేజీల్లో "సముద్రం నుంచి కొంత, కొండ నుంచి కొంత" ఉండాలని ఆయన నియమం. ఎవరి డబ్బాలో ఏది లేకపోతే అది ఆయన భార్య రెండు గిన్నెలతో వచ్చి వడ్డిస్తుంది. ఫలానావాడు పేదవాడని ఎవరికీ తెలియకుండా లోటు పూడ్చే పద్ధతి అది. సముద్రమూ కొండా రెండూ ఉన్న ఊళ్ళో మెస్ అన్నం తిన్నవాళ్ళం, ఆ పేజీ మనకు ఇంకొంచెం ఎక్కువ అర్థమవుతుంది. 1945లో బాంబుదాడిలో ఆ బడి కాలిపోయింది.

రైలు మాట వచ్చింది కనుక ఇంకొకటి. విభూతిభూషణ్ బందోపాధ్యాయ 1929లో తెచ్చిన బెంగాలీ నవల "పథేర్ పాంచాలీ"ని మద్దిపట్ల సూరి గారు తెలుగు చేశారు. సత్యజిత్ రే సినిమాలో అక్కా తమ్ముళ్ళు దుర్గ, అపు పరిగెత్తి వెళ్ళి రైలును చూస్తారు. నవలలో దుర్గకు ఆ రైలు చూసే రాత లేదు. ఎనిమిదో తరగతిలో చదవండి. కొంత నెమ్మదిగా సాగుతుంది, పట్టుకుని ఉండండి.

మన విశాఖలో ఉక్కు కర్మాగారం సోవియట్ సహకారంతో కట్టిన రోజుల్లో, మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు గట్టి అట్టలతో, చవక ధరకు విశాలాంధ్ర వారి షాపుల్లో దొరికేవి. 1991లో ఆ దేశమే లేకుండా పోయాక ఆ పుస్తకాలూ ఆగాయి. కొన్నింటిని సికింద్రాబాదు "మంచి పుస్తకం" వారు మళ్ళీ వేశారు. చిన్న తరగతులకు "నాన్నారి చిన్నతనం" నవ్విస్తుంది. పెద్ద తరగతులకు చింగీజ్ ఐత్మాతోవ్ రాసిన "తొలి ఉపాధ్యాయుడు" అన్నిటికన్నా ముందు చెబుతాను. తెలుగు చేసినవారు ఉప్పల లక్ష్మణరావు గారు. దూయిషేన్ అనే యువకుడికి వచ్చిన చదువే అంతంత మాత్రం. పాడుబడ్డ గుర్రపుశాలను బాగుచేసి బడి పెడతాడు. చలికాలంలో గడ్డకట్టే వాగును పిల్లలను వీపున మోసి దాటిస్తాడు. ఆ బడిలో చదివిన అనాథ పిల్ల అల్తినాయ్ పెద్దయ్యాక గొప్ప విద్వాంసురాలై, ఊళ్ళో కొత్త స్కూలు ప్రారంభోత్సవానికి ముఖ్య అతిథిగా వస్తుంది. లోపల విందు, ఉపన్యాసాలు. ముసలివాడైన దూయిషేన్ అప్పుడు తపాలా పనిలో ఉంటాడు, పాత విద్యార్థులు పంపిన టెలిగ్రాములు తెచ్చిచ్చి గుమ్మంలోంచే వెళ్ళిపోతాడు. ఆమె ఆ సభలో కూర్చోలేకపోతుంది.

ఈ కథను నేను చదివింది ఉద్యోగం వచ్చాక. అంతకు ముందు సంవత్సరమే మన వార్షికోత్సవంలో వేదిక మీద నాకు శాలువా కప్పారు. తాత గేటు దగ్గర కర్రతో నిలబడి ఉన్నాడు. నేను చేయి ఊపాను. అంతే. మరుసటి ఏడు వచ్చేసరికి ఆయన పని మానేసి ఊరు వెళ్ళిపోయాడని చెప్పారు.

ఆ నవలలో అల్తినాయ్‌పై జరిగే అన్యాయం కఠినమైనది. ఎనిమిదో తరగతి లోపు వద్దు. తరవాత కూడా పెద్దవాళ్ళెవరైనా దగ్గరుంటే మంచిది.

మన జీవితాలున్న పుస్తకాల సంగతేమిటని మీరు అడగాలి. ముళ్ళపూడి వారి "బుడుగు" నాకు ఇష్టమే, నవ్వు ఆగదు. అయితే ఆ బామ్మ, ఆ ఇల్లు మన ఇల్లు కాదు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారి "పచ్చనాకు సాక్షిగా", ఖదీర్‌బాబు గారి "దర్గామిట్ట కథలు" చూడండి. లేమిని దాచుకోకుండా, దాని మీద జాలి పడమని అడక్కుండా రాశారు. మొదటిది చిత్తూరు మాట, రెండోది నెల్లూరు మాట. మనకు మొదటి పది పేజీలు తడబాటుగా ఉంటుంది, బిగ్గరగా చదివితే పోతుంది. హైదరాబాదు అన్వేషి సంస్థ 2008లో దళిత, ముస్లిం పిల్లల జీవితాల మీద బొమ్మలతో కథల పుస్తకాలు తెచ్చింది. గోగు శ్యామల గారు రాసినవి అందులో ఉన్నాయి. ఇవన్నీ కథలే. మన పక్క పార్వతీపురం నుంచి నారంశెట్టి ఉమామహేశ్వరరావు గారి పిల్లల నవల "ఆనందలోకం"కు 2018లో కేంద్ర సాహిత్య అకాడమీ బాలసాహిత్య పురస్కారం వచ్చింది. కాని ట్రంకు పెట్టెతో హాస్టల్‌కు వచ్చిన పిల్లవాడే నాయకుడైన తెలుగు నవల నాకైతే ఇంతవరకు కనబడలేదు. మీలో ఎవరో రాయాలి. విజయనగరం చాసో గారి కథ "ఎందుకు పారేస్తాను నాన్నా" చిన్నదైనా చదవండి, చదువు ఆగిపోయిన కుర్రాడు బడి ముందు నుంచి నడవాల్సి వస్తే ఎలా ఉంటుందో అందులో ఉంది.

తొమ్మిది, పది తరగతులవారికి "ఏడు తరాలు". అలెక్స్ హేలీ "రూట్స్"కు సహవాసి గారి సంక్షిప్త అనువాదం. కుంటా కింటేకు పేరు మార్చుకోవడం ఇష్టం ఉండదు. అందులోని చరిత్ర మీద తరవాత వాదాలు వచ్చాయి, నవలగానే చదవండి.

ఇక పద్ధతి. పుస్తకం ఇచ్చి "చదివి సారాంశం రాసుకురా" అంటే పిల్లవాడు పారిపోతాడు. సారాంశాలు వద్దు. స్టడీ అవర్ అయ్యాక పావుగంట, గదికొకరు బిగ్గరగా ఒక అధ్యాయం చదవాలి, మిగతావాళ్ళు పడుకుని వినాలి. చదివేవాడు రోజూ మారాలి. తడబడేవాణ్ణి నవ్వకూడదు, అది ఒక్కటే నియమం. ఒక పేజీలో ఐదారు చోట్ల ఆగిపోతే ఆ పుస్తకం వాడికి ఇప్పుడు కాదు, ఆర్నెల్ల తరవాత ఇవ్వండి. నచ్చని పుస్తకం మధ్యలో వదిలేయడం తప్పు కాదు. మీ పల్లెల్లో ఇంటి దగ్గర పుస్తకం కనబడితే "పరీక్షలు పెట్టుకుని కథలేటిరా?" అంటారు. దసరా సెలవుల్లో ఆ కథే మీ అమ్మకు చదివి వినిపించండి, తరవాత ఆవిడే అడుగుతుంది.

పూర్వ విద్యార్థి మిత్రులకు ఒక మనవి. ఏటా ప్లేట్లు, దుప్పట్లు ఇస్తున్నారు, సంతోషం. ఈసారి ఒక్కొక్కరు ఒక్కో నవల తెండి. ఒకే పుస్తకం పది కాపీలకన్నా పది రకాలు మేలు.

ఈ సంచికతో పాటు నేను ఎనిమిది పుస్తకాలు ఇస్తున్నాను. వార్డెన్ గారితో మాట్లాడాను. వాటిని బీరువాలో పెట్టరు, మెస్ హాలు పక్కన బల్ల మీద ఉంటాయి. ఒక నోటుపుస్తకం, దారం కట్టిన పెన్ను ఉంటాయి, పేరు రాసి తీసుకెళ్ళండి. చిరిగితే అట్ట వేయండి. పోతే నాకు చెప్పండి, ఎవరినీ ఏమీ అనను, ఇంకోటి తెస్తాను. కాంచనద్వీపం మాత్రం రెండు కాపీలు పెట్టాను. రెండింటికీ మొదటి పదహారు పేజీలు ఉన్నాయి, చూసుకున్నాను.