నర్సీపట్నమున చింతకాయల వారు

నక్కపల్లి జాతీయ రహదారి మీది యూరు. అచ్చటినుండి అడ్డరోడ్డు చేరి, కోటవురట్ల మీదుగా ఉత్తరమునకు సాగినచో, సముద్రపు గాలి వెనుకబడి, గొలుగొండ, చింతపల్లి కొండలకు వాకిలివలె నున్న నర్సీపట్నము ఎదురగును. 1922లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట ఠాణాలను ముట్టడించిన పిదప దొరతనపు బలగములు విడిసిన ఊళ్లలో నిది యొకటి. అయినను నేటి తరమువారికి నర్సీపట్నమనగానే తోచునది ఆ పోరాటముకన్న ముందుగా నొక యింటిపేరు.

చింతకాయల అయ్యన్నపాత్రుడు 1957 సెప్టెంబరు 4వ తేదీన జన్మించిరి. నందమూరి తారక రామారావు 1982 మార్చిలో తెలుగుదేశము పార్టీని స్థాపించి, అంతవరకు రాజకీయముల వాసనయైన సోకని యువకులను, వైద్యులను, వకీళ్లను వెదకి వెదకి నిలువబెట్టిన 1983 జనవరి ఎన్నికలలో, ఇరువదియారేండ్లైన నిండని యీ యువకుడు నర్సీపట్నమునుండి శాసనసభకు వచ్చెను. ముప్పది నిండకమునుపే సాంకేతిక విద్యాశాఖ మంత్రియు నయ్యెను. అటుపై 1985, 1994, 1999, 2004, 2014, 2024 సంవత్సరములలో గెలిచి, మొత్తము మీద ఏడు మారులు అదే స్థానమునుండి సభ్యులైరి. నడుమ 1996లో అనకాపల్లినుండి లోక్‌సభకును వెళ్లిరి. ఆ స్థానము రెండేండ్లకే, 1998లో, కాంగ్రెసు పక్షమున గుడివాడ గురునాథరావుకు దక్కెను. గురునాథరావు తండ్రి అప్పన్నయు, కుమారుడు అమర్‌నాథును శాసనసభ్యులే గనుక, ఈ ప్రాంతమున కుటుంబ రాజకీయము చింతకాయల వారి సొత్తు మాత్రమే కాదని గ్రహింపవలెను.

గెలుపులకన్న ఓటములు ఈ చరిత్రను తేటగా చెప్పును. 1989లోను 2019లోను రాష్ట్రమంతట వీచిన యెదురుగాలికి ఆయనయు ఒరిగిరి. అది వింత కాదు. కాని 2004లో 294 స్థానములున్న సభలో తెలుగుదేశము 47కు కుంచించుకొనిపోయిన నాడు నర్సీపట్నము ఆయనను గెలిపించెను. 2009లో ఆ పార్టీ 92కు తేరుకొన్న నాడు, అదే నర్సీపట్నము ఆయనను కాదని, కాంగ్రెసు అభ్యర్థిని బోళెం ముత్యాలపాపను ఎన్నుకొనెను. పార్టీ మునిగిననాడు తేలి, తేలిననాడు మునిగిన యీ నాయకుని జయాపజయములకు రాజధానిలో కారణములు వెదకుట వ్యర్థము. ఆయన లెక్క ఊరివారితోనే. తరువాతి ప్రత్యర్థి సినిమా దర్శకుడు పూరి జగన్నాథ్ తమ్ముడైన పెట్ల ఉమాశంకర్ గణేష్. 2014లో స్వల్పమైన ఆధిక్యముతో ఆయనపై గట్టెక్కి, 2019లో ఇరువదివేలకు మించిన తేడాతో ఓడి, 2024లో అంతకుమించిన తేడాతో బదులు తీర్చుకొనిరి.

మంత్రిపదవులకు కొదువ లేదు. రోడ్లు భవనముల శాఖ 1994 తరువాత నొకమారు, 2017లో మరియొకమారు ఆయన చేతికి వచ్చెను. నడుమ అటవీశాఖ, పంచాయతీరాజ్ శాఖ. కాని జనమునకు గుర్తున్నది శాఖలకన్న ఆయన నోరు. ఎదుటి పక్షముపై ఆయన ప్రయోగించిన మాటలు పలుమారులు కేసులదాక పోయినవి. వానిలో కొన్ని సభ్యతకు హద్దు దాటినవేయని నా యభిప్రాయము. అయితే ఆ నోరు స్వపక్షమునకును మినహాయింపు నీయలేదు. 2017లో తాను మంత్రిగా నుండియే విశాఖపట్టణపు భూముల అక్రమములను గూర్చి బాహాటముగా మాటలాడగా, సహమంత్రి గంటా శ్రీనివాసరావు ముఖ్యమంత్రికి ఫిర్యాదు వ్రాసిరి. ప్రభుత్వము ప్రత్యేక దర్యాప్తు బృందమును నియమింపవలసి వచ్చెను. 2022 నవంబరులో నొక వేకువజామున సి.ఐ.డి. పోలీసులు ఆయనను, కుమారుడు రాజేష్‌ను, పత్రముల ఫోర్జరీ యను అభియోగముపై అరెస్టు చేసిరి; తెలుగుదేశము వారు దానిని కక్షసాధింపనిరి, న్యాయస్థానము బెయిలు నిచ్చెను.

ఇట్టి మనిషిని, 2024 జూన్ 22వ తేదీన, శాసనసభ స్పీకరుగా ఏకగ్రీవముగా ఎన్నుకొనిరి. సభలో నోరు మెదపక ఇతరుల మాటను వినుటయే ఆ పీఠముపై నున్నవాని ముఖ్యకార్యము. కావున ఈ ఎంపికను చూచి నవ్వినవారును గలరు. తొలి పరీక్ష వెంటనే యెదురయ్యెను. 175 మంది సభలో పదకొండుగురు మాత్రమే యున్న వై.యస్.ఆర్. కాంగ్రెసు నాయకుడు జగన్‌మోహన్‌రెడ్డి తనకు ప్రతిపక్షనాయకుని హోదా కావలెనని జూన్‌లోనే ఆయనకు లేఖ వ్రాసిరి. సభలో పదియవ వంతు, అనగా 18 మంది, ఉండవలెనను ఆచారమును చూపి 2025 మార్చిలో స్పీకరు దానిని త్రోసిపుచ్చిరి.

ఇక కుటుంబము. నర్సీపట్నము పంచాయతీ స్థాయిని దాటి మునిసిపాలిటీ యైన తరువాత, 2014లో దాని అధ్యక్షపీఠము అయ్యన్న తమ్ముడు సన్యాసిపాత్రుని భార్య అనితకు దక్కెను. అన్న రాష్ట్రమును చూచుకొనుచుండ తమ్ముడు ఊరిని చూచుకొనుట యీ యింటి పాత ఏర్పాటు. 2019 ఓటమితో అది తెగిపోయెను; ఆ సంవత్సరమే, సరిగా అన్న పుట్టినరోజున, సన్యాసిపాత్రుడు తెలుగుదేశమును విడిచి, అటుపై ఎదుటి పక్షమున చేరెను. ఊరిలో అన్నదమ్ముల అనుచరులు ఎవరి దారిని వారు పోయిరి. 2021 మునిసిపల్ ఎన్నికలలో పురపాలకము ఎదుటి పక్షము వశమైనను, అయ్యన్న భార్య పద్మావతి, కుమారుడు రాజేష్ వార్డుసభ్యులుగా నెగ్గిరి. తమ్ముడు ఖాళీచేసిన చోటును భార్యాపుత్రులు నింపిరన్నమాట.

పెద్ద కుమారుడు విజయ్ దారి వేరు. ఆయన పార్టీ ప్రచారవిభాగమైన ఐ-టి.డి.పి.లో పేరు తెచ్చుకొని, 2024లో, తండ్రి ఒకనాడు గెలిచిన అనకాపల్లి లోక్‌సభ టికెట్టును ఆశించెను. పొత్తులో అది భారతీయ జనతా పార్టీకి పోయి, కడపజిల్లానుండి వచ్చిన సి.యమ్. రమేష్ అచ్చట సులువుగా గెలిచిరి. మునుపటి తరమున టికెట్టు ఇరువదియారేండ్లు నిండకమునుపే తలుపు తట్టెను. ఈ తరమువాడు తలుపు తట్టియు వేచియుండవలసి వచ్చెను.